పెడళ్లు నన్ను తొక్కిన రోజు

నెల్లూరు బల్లపరుపు ఊరు. ఇక్కడ కొండెక్కడమంటే మాగుంట లేఔట్ అండర్ బ్రిడ్జిలోకి దిగి మళ్లీ పైకి రావడమే. నా ఎలక్ట్రిక్ సైకిలుకు అదే తిరుమల మెట్లదారి. వెనక 25 కిలోల బియ్యం మూట ఉందంటే సగం ఎత్తు దాకా వచ్చి మూలుగుతూ ఆగిపోయేది. ముందు చక్రంలో ఉన్న 250 వాట్ల హబ్ మోటారు మీద చెయ్యి వేస్తే దోసె పెనంలా చురుక్కుమనేది.

మా బావమరిది పాలిటెక్నిక్ చదివాడు. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వడు.

"మోటారులో శక్తి లేక కాదు బావా. బరువు మోస్తూ నెమ్మదిగా తిరిగితే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. దాన్ని దాని వేగంతో తిరగనిచ్చి, చక్రాన్ని నిదానంగా తిప్పాలి. వెనక ఏడు గేర్లు ఉండగా మోటారు వాటి మొహమైనా చూడకపోవడం ఏమిటి?"

సబబుగానే తోచింది. ఆదివారం నాడు ముందువైపు మామూలు చక్రం వేసి, మోటారును ఫ్రేము మధ్యలో బిగించి, చైనుతో పెడళ్ల ఇరుసుకు కలిపాడు. "పనిచేస్తున్న సైకిలే కదండీ" అని మా ఆవిడ గుమ్మంలోంచి అంది. ఎవరు విన్నారు?

సోమవారం మూటతో దిగాను. వెనక పెద్ద పళ్ల చక్రానికి చైను మార్చి యాక్సిలరేటర్ తిప్పాను. అబద్ధమెందుకు, బండి ఆటోను దాటి మరీ ఎక్కింది. కానీ మోటారుతోపాటు పెడళ్లూ తిరిగాయి. ముందు 32 పళ్లు, వెనక 32; 26 అంగుళాల చక్రం, గంటకు 15 కిలోమీటర్లు. అంటే పెడళ్లు నిమిషానికి 120 చుట్లు. ఈ లెక్క ఇంటికొచ్చాక వేసుకున్నాను. అప్పటికి మాత్రం కుడి పెడలు నా పిక్కను వాయిస్తోందనీ, ఎడమ చెప్పు గాలిలో ఉందనీ తెలుసు. వదిలేస్తే మూటతో సహా వెనక్కి జారతానని యాక్సిలరేటర్ వదల్లేదు. కాళ్లు తీస్తే దెబ్బలు, పెడితే పరుగు.

ఆటో అతను తల బయటపెట్టి, "పెద్దాయనా, ఈ వయసులో అంత జోరుగా తొక్కకండి, గుండెకు మంచిది కాదు" అన్నాడు.

సాయంత్రం బావమరిది నా పిక్క చూసి, "పెడళ్ల దగ్గర ఫ్రీవీలు పెట్టాలి బావా. అప్పుడు మోటారు తిరిగినా అవి కదలవు. చెప్పడం మరిచాను" అన్నాడు.

మిగిలిన కుడి చెప్పును అతని పనిముట్ల పెట్టెలో పడేశాను.