ఏ యాప్‌రా బామ్మర్దీ?

పొద్దున మన నెల్లూరు జిల్లాలో నరసింహస్వామి గుడుండే పెంచలకోన ఫొటో పెట్టి పది నిమిషాలు కాలేదు. వెలిగొండ మీద మబ్బు సగానికి దిగి, దాని కిందనించి ఎండ దూరి కొండంతా ఎర్రగా ఉండే ఫొటో. ఫ్యామిలీ గ్రూపులో మా బావ మొదటి ముక్క: "ఏ యాప్‌రా బామ్మర్దీ?" దాని కింద పిన్ని, "ఏఐ అయ్యుంటాదిలే." ఇంకొకాయన పెద్ద మనసు చేసుకోని, "కెమెరా మంచిది, లక్కు కూడా కలిసొచ్చింది."

లక్కంట. సరే సామీ, లక్కే. అదెట్టా వస్తాదో వినండి.

వెలిగొండలు మన జిల్లాకి పడమట ఉంటాయి. రాపూరు వైపు నుంచి చూస్తే కొండకి ఎండ తగిలేది పొద్దున్నే. సాయంత్రం సూర్యుడు కొండెనక్కి పోతాడు, కోనలో ముందే నీడ పడతాది. మీరు భోజనాలయ్యాక కారేసుకోని పోయి, దర్శనం చేసుకోని తీరిగ్గా సెల్ఫీ తీసుకునే టైముకి ఆ కొండ ఉత్త నలుపు. ఎండాకాలం పోతే మసక. మబ్బు కావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపల బంగాళాఖాతంలో అల్పపీడనం పడాల. పడితే మబ్బొస్తాది, మరీ కిందికి దిగితే కొండే కనపడదు. దిగకపోయినా తూర్పున, సముద్రం వైపు ఆకాశం అంచున కాస్త సందుండాల, లేదంటే ఎండ లోపలికి రాదు. ఆ సందు ఉందో లేదో నెల్లూర్లో మంచం మీద పడుకోనుంటే చెప్పే యాప్ ఏదన్నా ఉంటే, బావా, లింకు పంపించు.

చీకట్లో లేచి పొదలకూరు మీదుగా బండేసుకోని పోయి, గొడుగు కెమెరాకి పట్టి నేను తడిసి, ఒక్కటీ తీయకుండా వచ్చినప్పుడు ఈ గ్రూపులో ఎవరన్నా "పాపం, బ్యాడ్ లక్కు" అన్నారా? "పనీపాటా లేదు వీడికి" అన్నారు. ఉదయగిరి కొండ కింద కృష్ణదేవరాయలు కోట కోసం ఏడాదికి పైన కాచుకోనుంటే వీరం. కోనలో నేనొక పూట కూర్చుంటే పనిలేనోణ్ణి.

అమెరికాలో అన్సెల్ ఆడమ్స్ అని ఒక ఫొటోగ్రాఫర్. 1941లో న్యూమెక్సికోలో కారులో పోతా ఉంటే ఊరి మీద చంద్రుడు, సమాధుల శిలువల మీద చివరి ఎండ. వెలుగు కొలిచే లైట్ మీటర్ కనపడలేదు. చంద్రుడి వెలుగు లెక్క ఆయనకి నోటికొచ్చు, దాంతోనే ఫిల్ముకి ఎంత వెలుగు తగలాలో ఎక్స్‌పోజర్ లెక్క కట్టి ఒక్కటి తీశాడు. రెండోది తీసేలోపల ఎండ పోయింది. అది కూడా లక్కే. ఆయన బావ ఏమన్నాడో మరి.

మా బావని వదిలేయండి, ఇంటి మనిషి. ఆ ఫ్లెక్సీ సంగతి ఎవరికి చెప్పుకోవాల? పెంచలకోన బ్రహ్మోత్సవాలప్పుడు సెంటర్లో ఇంత పెద్దది కట్టారు, వెనకంతా నా ఫొటోనే. అడిగింది లేదు, పేరేసింది లేదు. ముందు శుభాకాంక్షలు చెప్పే మొహాలు వరసగా. నేను కాచుకోని కాచుకోని పట్టిన మబ్బు సరిగ్గా ఒక లీడర్ మీసాల వెనక్కి పోయింది. నరసింహస్వామేమో ఒక మూలన, స్టాంపు బిళ్లంత. ఎవరి పండగో నాకైతే అర్థం కాలా.

ఇదేందన్నా అని అడగబోతే, "కొండేమన్నా మీ నాయన కట్టించాడా?" అన్నారు. నిజమే, కట్టించలా. ఫ్లెక్సీ షాపులో మాత్రం చదరపు అడుగుకి ఇంతని లెక్కేసి డబ్బులు తీసుకున్నారంట, కొండ పట్టిన అడుగులకి కూడా.