మూడుపూటలా నీళ్లు పోస్తే నిమ్మ బతకదు

ఎండలు ముదరగానే విశాఖ మిద్దెతోట గ్రూపుల్లో ఒక సలహా చక్కర్లు కొడుతుంది: "బాల్కనీలో పండ్ల మొక్క వాడిందంటే దాహమే. రోజుకు మూడుసార్లు నీళ్లు పోయండి, మధ్యాహ్నం అస్సలు మానొద్దు. ఆకుల మీద మాత్రం చుక్క పడకూడదు, ఎండకు కాలిపోతాయి. అంచులు మాడితే ఎప్సం సాల్ట్ వేయండి. కుండీ అడుగున మూడంగుళాల గులకరాళ్లు పరిస్తే వేరుకుళ్లు రాదు." ఇందులో ఏ ఒక్కటీ మన బాల్కనీలకు సరిపడదు. మొదటిదైతే మొక్క ప్రాణమే తీస్తుంది.

మధ్యాహ్నం రెండింటికి నిమ్మ, జామ ఆకులు వేలాడితే మట్టి ఎండిపోయిందని కాదు. వేరు తోడే నీటికన్నా ఆకు వదిలేది ఎక్కువైతే తడి మట్టిలో ఉన్న మొక్క కూడా వాడుతుంది, పొద్దు వాలాక తేరుకుంటుంది. తెల్లవారి ఆరింటికీ అలాగే ఉంటే అప్పుడు చూడాలి. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించండి. పొడిగా తగిలితే దాహమే. తడి తగిలితే వేరు చెడిందేమోనని అనుమానించాలి. మట్టిగడ్డను కుండీలోంచి జార్చి చూస్తే తెలిసిపోతుంది: మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమరంగుకు తిరిగి, పట్టి లాగితే పైపొర ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగులుతుంది. అలాంటి మొక్కకు ఇంకా నీళ్లు పోయడమంటే వేళ్లకు అందే కాస్త గాలి కూడా ఆపేయడమే. కుళ్లినవన్నీ కత్తిరించి, కొత్త మట్టిలో నాటి, కొత్త చిగురు కనిపించేదాకా నీడలో ఉంచాలి. ఎరువు వేయకూడదు.

పైగా సముద్రం పక్కనున్న మన ఊళ్లో గాలి తేమగా ఉంటుంది. అంతే ఎండకు రాయలసీమలో మొక్క తాగినంత ఇక్కడ తాగదు. 16 అంగుళాల కుండీలో నిమ్మకు మే నెలలోనైనా ఉదయం ఆరు, ఏడు మధ్య మూడు లీటర్ల దాకా చాలు. అడుగు రంధ్రంలోంచి కాస్త కారాలి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, అవి వేళ్లకు పోయకూడదు.

అసలు శత్రువు కుండీ వేడి. పడమటి ఎండ తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీలో, దాని లోపలి గోడకు ఆనుకున్న మట్టి 40 డిగ్రీలు దాటితే వేరు చివర్లు చచ్చిపోతాయి. కుండీకి తెల్ల సున్నమో పెయింటో వేయండి, లేదా గోనెపట్టా చుట్టండి. మట్టి మీద రెండంగుళాల మందాన కొబ్బరిపీచో ఎండుటాకులో కప్పండి, కాండానికి మాత్రం తగలనీయొద్దు. ఏసీ బయటి యూనిట్ ఊదే వేడిగాలికి ఎదురుగా ఏ మొక్కా ఉండకూడదు.

చుక్కలు భూతద్దంలా ఆకుల్ని కాలుస్తాయన్న మాటను హంగేరీ శాస్త్రవేత్తలు 2010లో పరీక్షించారు. నున్నటి ఆకుల మీద అలా జరగలేదు, నూగున్న ఆకులకే ఆ ప్రమాదం ఉండొచ్చన్నారు. నిమ్మ, సపోటా ఆకులు నున్ననివే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీల్లో అయితే, గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు కడగడం అవసరం కూడా. ఉప్పు పేరుకుని ఆకులు మాడేది అక్కడే.

ఇక ఎప్సం సాల్ట్. అది మెగ్నీషియం సల్ఫేట్ అనే లవణం, మెగ్నీషియం లోటుకు మందు. ఆ లోటు ముదురు ఆకుల్లో కనిపిస్తుంది: కాడ దగ్గర ఆకుపచ్చ త్రికోణం మిగిలి చుట్టూ పసుపు తిరుగుతుంది. లీటరుకు 5 గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే సరిపోతుంది. అంచులు గోధుమరంగులో మాడటం వేరే జబ్బు. చాలావరకు అది మట్టిలో చేరిన ఉప్పు పనే, దానికి ఇంకో లవణం కలపడం మంటకు నెయ్యి పోయడమే. కుండీ అంచున తెల్లటి పూత కట్టిందేమో చూడండి. తీరం దగ్గరి బోరు నీళ్లు, కడగని కోకోపీట్ (కొబ్బరిపొట్టు), అన్నిటికన్నా ముఖ్యంగా ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు ఇందుకు కారణం. వృథా పోనివ్వకూడదని ఆ నీళ్లు మొక్కలకు పోసేవాళ్లు ఎందరో. దయచేసి నిమ్మకు పోయకండి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 700 దాటిన నీటిని నిమ్మజాతి భరించలేదు, సపోటా, అంజూర కొంత ఓర్చుకుంటాయి. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు దాదాపు ఉండదు, పట్టి నిక్షేపంగా పోయొచ్చు. ఉప్పు పట్టిన కుండీకి, అందులో మట్టి ఎంత ఉందో అంత మంచినీరు గంటసేపట్లో మూడు విడతలుగా పోసి పూర్తిగా కారనివ్వండి. ఆ నీళ్లు కింది ఇంటివాళ్ల మీద పడకుండా అడుగున టబ్బు పెట్టి, నిండగానే పారబోయండి.

గులకరాళ్ల వల్ల నీరు త్వరగా దిగదు. రాళ్లకు పైనున్న మట్టి పూర్తిగా తడిసి నానేదాకా నీటిని పట్టే ఉంచుతుంది, కాబట్టి ఆ బురద పొర మూడంగుళాలు పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. రంధ్రం మీద దోమతెర ముక్క వేసి, కుండీ నిండా మట్టే నింపండి. రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే రంధ్రం మూసుకుపోదు, టైల్స్ వేడీ అంటదు.