తూటా పడిన చోటు చెప్పాల్సింది పేల్చినవారే

రాజోలు ప్రాంతంలో గల్ఫ్‌కు ఒక్క మనిషినైనా పంపని వీధి దొరకడం కష్టం. మా ఎదురింటి పెద్దాయన కువైట్‌లో డ్రైవరుగా ఉన్న రోజుల్లో, 1992లో దిగిన ఫోటో ఒకటి ఆయన గోడ మీద ఇప్పటికీ ఉంది. ఎడారిలో కాలిపోయిన యుద్ధ ట్యాంకు, దాని మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కాలు వేలాడేసి కూర్చున్న ఆయన. ఆ కాలి పక్కనే ఉక్కు పలకలో బొటనవేలు దూరేంత గుండ్రటి చిల్లు, దాని చుట్టూ కరిగి గడ్డకట్టిన అంచు. "సెలవు రోజున అందరం పోయి దిగేవాళ్ళమండి. ఇనప తుక్కే కదా అనుకున్నాం, ఆయ్" అన్నారు నేను అడిగితే. ఆ చిల్లు చేసింది యురేనియం తూటానో మామూలు తూటానో ఫోటో చూసి చెప్పలేం. డెబ్బైకి దగ్గరపడినా ఆయన ఆరోగ్యంగానే ఉన్నారు. నన్ను కలవరపెట్టింది వేరే సంగతి: ఆ ట్యాంకు ఎక్కవద్దని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అక్కడ ఒక బోర్డు కూడా లేదు.

1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సేనలు కువైట్, ఇరాక్‌లలో దాదాపు 300 టన్నుల డిప్లీటెడ్ యురేనియాన్ని తూటాల రూపంలో పేల్చాయి. ప్రకృతిలో దొరికే యురేనియంలో అణు ఇంధనానికి పనికొచ్చే యురేనియం-235 అనే రకం (ఐసోటోపు) 0.7 శాతం మాత్రమే ఉంటుంది. దాన్ని వేరుచేసి తీసుకున్నాక, 0.2 నుంచి 0.3 శాతం వరకు మాత్రమే 235 మిగిలిన లోహమే ఈ డిప్లీటెడ్ యురేనియం. సహజ యురేనియం కంటే దీని రేడియోధార్మికత సుమారు 40 శాతం తక్కువ. సైన్యాలకు కావలసింది దీని బరువు. ఒక ఘన సెంటీమీటరు 19 గ్రాములు తూగుతుంది, సీసమైతే 11 గ్రాములే. పైగా ఉక్కు కవచాన్ని తాకినప్పుడు తూటాలోని టంగ్‌స్టన్ అనే మరో బరువైన లోహపు కడ్డీ మొన మొద్దుబారి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, యురేనియం కడ్డీ మాత్రం అంచులు రాలిపోతూ తనను తానే పదును పెట్టుకుంటుంది. రాలిన పొడి గాలి తగిలి మండుతుంది. ట్యాంకు లోపల నిప్పు పుట్టించేదీ, ఊపిరితిత్తులలోకి వెళ్ళగలిగినంత సన్నటి ఆక్సైడు ధూళిని మిగిల్చేదీ ఆ మంటే.

ఈ ధూళి వల్ల ఎంత హాని అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, ఈ తూటాలను వ్యతిరేకించే వర్గంలో ఉన్న నాలాంటి వాళ్ళకు కొంత ఇబ్బంది తప్పదు. ఈ లోహం వెదజల్లే ఆల్ఫా కణాలు (ఒక రకం రేడియేషన్) చర్మాన్ని దాటలేవు. శరీరం లోపలికి వెళితే మొదట దెబ్బతినేది మూత్రపిండాలు, అదీ ప్రధానంగా రేడియేషన్ వల్ల కాదు, సీసంలాగే ఇదీ విషలోహం కావడం వల్ల. గల్ఫ్ యుద్ధంలో తమవారి తూటాలే పొరపాటున తగిలి, ఒంట్లో యురేనియం ముక్కలు ఉండిపోయిన అమెరికా సైనికులను బాల్టిమోర్‌లోని మాజీ సైనికుల వైద్య కేంద్రం 1990ల నుంచి పరీక్షిస్తూ వస్తోంది. వారి మూత్రంలో యురేనియం ఏళ్ళ తరబడి ఎక్కువగా కనిపిస్తూనే ఉన్నా, దానివల్లే వచ్చిందని చెప్పదగిన తీవ్రమైన జబ్బేదీ తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో, బ్రిటన్ రాయల్ సొసైటీ 2001, 2002లలో ఇచ్చిన నివేదికలు కూడా సాధారణ ప్రజలకు ముప్పు తక్కువేననీ, దెబ్బతిన్న వాహనంలో ఉన్నవారికీ దాన్ని శుభ్రం చేసేవారికీ ఎక్కువనీ చెప్పాయి. ఇరాక్‌లో పుట్టిన ప్రతి అవకరపు బిడ్డ ఫోటో కింద ఈ లోహం పేరు రాయడం వల్ల ఆ బిడ్డలకు ఒరిగేదేమీ లేదు. నిజంగా అన్వేషించాల్సిన కారణాలు ఆ ఒక్క పేరు వెనక మరుగునపడిపోతాయి.

అయితే ఈ అధ్యయనాలు ఎవరిని చూశాయి, ఎప్పుడు చూశాయి అన్నది కూడా చూడాలి. కువైట్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు 11 ప్రాంతాల్లో నమూనాలు తీసుకుని ప్రజలకు రేడియేషన్ ముప్పు లేదని చెప్పింది నిజమే, కానీ వారు వెళ్ళింది 2002లో, అంటే యుద్ధం ముగిసిన పదకొండేళ్ళకు. 1999లో నాటో ఈ తూటాలు పేల్చిన కొసోవోలో, అది ఇచ్చిన జాబితాలోని 112 దాడి స్థలాల్లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2000లో స్వయంగా చూసినవి 11 మాత్రమే. బాల్టిమోర్‌లో ముప్పై ఏళ్ళు పరీక్షలు చేయించుకున్న సైనికుడికి ఉన్న వైద్య రికార్డు, ఇరాక్‌లోని బస్రా శివారులో ట్యాంకు తుక్కు అమ్ముకుని బతికిన కుటుంబానికి లేదు. నేలలో సహజంగానే కిలోకు రెండు మూడు మిల్లీగ్రాముల యురేనియం ఉంటుంది కాబట్టి, నీటిలోనో మూత్రంలోనో కనిపించినది సహజమైనదో తూటాదో తేల్చాలంటే ఐసోటోపుల నిష్పత్తిని కొలిచే ప్రయోగశాల కావాలి. అది తూటా పడిన ఊళ్ళో ఉండదు. ఆధారం వెతికే స్తోమత లేనివారి దగ్గర ఆధారం దొరకలేదని చెప్పి, దాన్నే హాని లేదనడానికి రుజువుగా చూపించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఈ వివాదంలో తగినంత చర్చకు రాని విషయం ధూళి కాదు, గురి తప్పిన తూటా. విమానం నుంచి నిమిషానికి వేల చొప్పున పేల్చే 30 మిల్లీమీటర్ల తూటాల్లో చాలావరకు ట్యాంకుకు తగలవు. ఒక్కొక్కటి 300 గ్రాముల యురేనియం కడ్డీతో మెత్తటి నేలలోకి దిగిపోతాయి. తడి నేలలో లోహం ఏమవుతుందో గోదావరి డెల్టాలో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా పెరట్లో బోరు దింపిన ఇనప పైపు పదిహేనేళ్ళకే చేత్తో నలిపితే పొరలుగా రాలిపోయింది. ఆ నీళ్ళు పట్టిన బిందెను రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి పేరుకునేది. ఒండ్రు నేలలో పాతిన చాలా లోహాలు కొంత కాలానికి నీళ్ళలోకి వస్తాయి. బోస్నియాలో 1994, 1995లలో నాటో దాడుల్లో పడిన కడ్డీలను పర్యావరణ విభాగం నిపుణులు ఏడేళ్ళ తర్వాత తవ్వి తూచినప్పుడు బరువులో నాలుగో వంతు తుప్పుగా పోయింది. మొత్తం కరిగిపోవడానికి 25 నుంచి 35 ఏళ్ళు పడుతుందని వారు లెక్కగట్టారు. సరయేవో దగ్గరి హాజిచిలో ఒక బావి నీటిలో ఆనవాళ్ళు అప్పటికే దొరికాయి. మోతాదు చాలా తక్కువ, తాగేవారికి ప్రమాదకరం కాదు. అయినా ఆ చుట్టుపక్కల నీటిని ఏటా పరీక్షిస్తూ ఉండాలని వారు 2003లో సూచించారు.

ఆ లెక్క ప్రకారం బోస్నియా కడ్డీలు 2020కీ 2030కీ మధ్య, 1999లో కొసోవోలో పడిన దాదాపు 10 టన్నులు 2024కీ 2034కీ మధ్య పూర్తిగా తుప్పుగా మారతాయి. అంటే నీటిని పరీక్షించాల్సిన అసలు కాలం ఇదే. ముప్పు తక్కువని చెప్పిన ఆ నివేదికలు మాత్రం ఇరవై ఏళ్ళు దాటినవి. ఎడారి నేలలో ఈ తుప్పు నెమ్మదిగా సాగుతుంది కనుక కువైట్ లెక్క ఇంకా పొడుగైనది.

పరీక్షించాలన్నా ఎక్కడ తవ్వాలో తెలియాలి. కొసోవోలో దాడి జరిగిన స్థలాల వివరాలు ఇవ్వడానికి నాటోకు ఏడాది పట్టింది. 2003లో ఇరాక్‌లో ఏ విమానం ఎక్కడ పేల్చిందో చాలా ఏళ్ళ పాటు ఇరాకీలకే తెలియలేదు. సిరియా సంగతి మరీ దారుణం. ఇరాక్‌లో గానీ సిరియాలో గానీ ఈ మందుగుండు వాడలేదు, వాడబోమని అమెరికా కూటమి ప్రతినిధి 2015 మార్చిలో చెప్పారు. అదే ఏడాది నవంబరులో చమురు ట్యాంకర్ల మీద 5,265 తూటాలు పేల్చారని 2017లో బయటపడింది. హాని లేని లోహమే అయితే దాచడం ఎందుకు? హాని ఉన్నదైతే ఆ ఊరివాళ్ళకు చెప్పకుండా ఉండే హక్కు ఎవరిచ్చారు?

2023 మార్చిలో ఉక్రెయిన్‌కు ఛాలెంజర్ ట్యాంకులతో పాటు ఈ మందుగుండునూ ఇస్తామని బ్రిటన్ ప్రకటించగానే మాస్కో దాన్ని అణు ముప్పుగా చిత్రించింది. ఇది అణ్వాయుధం కాదు, మాస్కో మాట అబద్ధం. ఇలాంటి తూటాలను రష్యా కూడా తయారుచేసుకుంది. 2012లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, ఈ ఆయుధాలు వాడిన దేశాలు ఎక్కడ ఎంత వాడాయో బాధిత దేశం అడిగితే చెప్పాలని కోరిన తీర్మానానికి 155 దేశాలు ఓటేస్తే, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ వ్యతిరేకించాయి, రష్యా తటస్థంగా ఉండిపోయింది. ఉక్రెయిన్ వాదనను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. తన నేల మీదికి వచ్చిన ట్యాంకును తన నేల మీదే ఆపాల్సిన దేశం, రేపటి బావి కంటే ఇవాళ్టి ప్రాణం ముఖ్యమనుకుంటే దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పక్క ఖండం నుంచి వచ్చి పేల్చి వెళ్ళిపోయిన సైన్యానికి ఆ వెసులుబాటు వర్తించదు. జర్మనీ లెపర్డ్ ట్యాంకులు టంగ్‌స్టన్ కడ్డీలతోనే పనిచేస్తున్నాయి కూడా. (ఆ లోహం మంచిదని కాదు. టంగ్‌స్టన్‌ను నికెల్, కోబాల్ట్‌లతో కలిపిన మిశ్రమాన్ని ఎలుకల కండరాల్లో అమర్చినప్పుడు కణితులు పుట్టాయి.)

బెల్జియం 2007లో చట్టం చేసి ఈ ఆయుధాలను నిషేధించింది, ఆ తర్వాత కోస్టారికా అదే దారి పట్టింది. ప్రపంచమంతా అలా చేస్తుందన్న ఆశ నాకు ఇప్పట్లో లేదు. నిషేధం కుదిరేదాకా ఆగకుండా ఇప్పుడే అడగదగినది ఒకటుంది: పేల్చిన సైన్యం కాల్పులు ఆగిన వెంటనే స్థలాల పటం అప్పగించాలి, గుర్తులు పాతాలి, ముప్పై ఐదేళ్ళ పాటు ఆ ఊళ్ళ బావులు పరీక్షించే ఖర్చు భరించాలి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ చోటు ఎక్కడో ఇవాళ కోనసీమలో ఎవరినడిగినా చూపిస్తారు, ఎందుకంటే ఆ మంట పది ఊళ్ళకు కనిపించింది. హాజిచి నేలలో కడ్డీ దిగిన చోట కనిపించడానికి ఏమీ లేదు. పైన గడ్డి మొలిచింది. అక్కడ ఏముందో తెలిసింది ట్రిగ్గర్ నొక్కినవారికీ, వారి లెక్కల పుస్తకానికీ మాత్రమే.