ప్రహరీ గోడ దాకానేనా పచ్చదనం?

హైదరాబాద్ పడమటి దిక్కున లేస్తున్న బహుళ అంతస్తుల నివాసాల్లో చాలావాటికి ఇప్పుడు ఒక హరిత ధ్రువపత్రం ఉంటోంది. గోల్డో, ప్లాటినమో వచ్చిందని బ్రోచరు మొదటి పేజీలోనే వేసుకుంటారు. ఆ పత్రాలు బూటకమని నేను అనడం లేదు. కరెంటు తక్కువ ఖర్చయ్యే గోడలు, అద్దాలు, వాడిన నీటిని శుద్ధి చేసి మొక్కలకూ మరుగుదొడ్లకూ మళ్ళించే ఏర్పాటు, ఇంకుడు గుంతలు, ఎండ వేడిని వెనక్కి కొట్టే పైకప్పు, ఇవన్నీ మంచివే. నా అభ్యంతరమల్లా ఆ మార్కులు వేసే పద్ధతి మీద. కట్టడం ఏ వాలు మీద నిలబడింది, ఆ వాలు నీరు ఇంతకాలం ఏ చెరువుకు చేరేది, ఇకపై ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నకు మార్కుల్లో దక్కే చోటు చాలా తక్కువ. ప్రభుత్వాలు కూడా కట్టడాన్ని ఒక దస్త్రంగా, పరీవాహక ప్రాంతాన్ని మరో దస్త్రంగా వేర్వేరు శాఖల్లో నడుపుతున్నంతకాలం ఈ పచ్చదనం కాగితం దాటి రాదు.

హరిత భవనాల విషయంలో మన ప్రాంతం వెనకబడిందేమీ కాదు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో హైదరాబాద్ కేంద్రంగానే మొదలైంది. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకు అమెరికాలో ఇచ్చే లీడ్ రేటింగుల్లో అత్యున్నతమైన ప్లాటినాన్ని ఆ దేశం వెలుపల అందుకున్న తొలి భవనం అది. అక్కడి మురుగు నీరు మొక్కల వేళ్ళ నడుమ శుద్ధి అవుతుంది, పైకప్పు చాలా భాగం తోటే. చుట్టూ ఉన్న నేలను గౌరవించి కట్టిన కట్టడం అది. ఆ తర్వాత వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఆ గౌరవాన్ని వదిలేసి మార్కుల పట్టికను మాత్రం పట్టుకున్నాయి.

నీటి విషయంలో ఈ నగరానికి అంతకంటే పాత జ్ఞానం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలితీసుకున్నాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊళ్ళో గోడలు కట్టినంత మాత్రాన వరద ఆగదని, నదిని ఎగువనే పట్టుకోవాలని ఆయన చెప్పిన ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలే దశాబ్దాలపాటు నగరం దాహం తీర్చాయి. గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్, నీరు కాలువ వెంట ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వాలుమీదనే వచ్చేది, ఎత్తిపోయడానికి మోటారు అక్కర్లేదు. ఇంధనం ఆదా చేసే ఏర్పాటుకు మార్కులు వేయాల్సి వస్తే ఈ నగరంలో మొదటి మార్కు ఆ పాత కాలువకే వేయాలి.

ఆ రెండు జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలూ పెద్ద హోటళ్ళూ నివాస కాలనీలూ రాకుండా అది ఆంక్షలు పెట్టింది. పది కిలోమీటర్ల పరిధిలో ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది. తాగునీటి వనరు దగ్గర ముప్పు రుజువయ్యేదాకా వేచి చూడడం తగదన్నది ఆ తీర్పు సారాంశం. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలను ఎత్తివేశారు. మరుసటి ఏడాది మే నెలలో జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది.

అప్పుడు చెప్పిన కారణాన్ని జాగ్రత్తగా చూడాలి. నగర తాగునీటిలో ఈ జలాశయాల వాటా ఒకటింబావు శాతానికి మించి లేదు కాబట్టి ఆంక్షలతో ఇక పని లేదన్నారు. వాటా ఎందుకు తగ్గింది? నగరం పెరిగింది, 2004లో కృష్ణా నీళ్ళు, 2015లో గోదావరి నీళ్ళు వచ్చాయి. అవి వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, అంచెలంచెలుగా ఎత్తిపోస్తే తప్ప రావు. అంటే ఒక ప్లాటినం భవనంలో కుళాయి తిప్పిన ప్రతిసారీ ఎక్కడో పంపుహౌస్‌లో మోటారు తిరుగుతున్నట్టే. ఆ కరెంటు బిల్లు ఆ భవనం ఖాతాలో ఎక్కడా కనబడదు. పైగా ఈ జలాశయాల మొదటి పని తాగునీరు ఇవ్వడం కాదు, వరదను పట్టడం. ఆ పనికి వాటా లెక్క ఎవరు కట్టారు?

ఆ పరీవాహక ప్రాంతంలో కట్టేవన్నీ హరిత భవనాలే అయితే నష్టమేమిటని కొందరు అడుగుతున్నారు. నష్టం ఉంది. ఈ నేల కింద గ్రానైటు రాయి. నీరు ఇంకేది పైనున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే. రెండు మూడు అంతస్తుల సెల్లారు కోసం ఆ పొరనే తవ్వి లారీల్లో తరలించాక, మూలన తవ్విన నాలుగు ఇంకుడు గుంతలు దాని లోటు తీర్చలేవు. నిర్వహణ లేని గుంత రెండు మూడు వానాకాలాల్లో ఒండ్రుతో నిండి మూసుకుపోతుంది. అనుమతి ఇచ్చేటప్పుడు గుంత ఉందా అని చూసే అధికారులు, ఐదేళ్ళ తర్వాత అందులో నీరు దిగుతోందా అని చూడటానికి రారు. ఇంకుడు గుంతల్లేని ఇల్లు నేరమన్నంత గట్టిగా మాట్లాడే మనం, నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో చేసిన వాల్టా చట్టం ఒకటుందన్న సంగతి ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసేటప్పుడు మాత్రమే గుర్తుచేసుకుంటాం.

పల్లెల్లో ఇదే ప్రభుత్వ యంత్రాంగం ఇంతకంటే తెలివిగా పనిచేసిన సందర్భాలున్నాయి. అదే రంగారెడ్డి జిల్లాలో, శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో ఆదర్శ వాటర్‌షెడ్ మొదలైంది. గట్లు వేసి, వాగుల మీద చెక్‌డ్యాములు కట్టి, నీటి పరుగును పైనుంచి కిందికి అంచెలుగా తగ్గించుకుంటూ వచ్చారు. బావుల్లో నీటిమట్టం పెరిగింది. వాన నీరు, నేలలోని తేమ, భూగర్భ జలం, ఉపరితల జలం, ఈ నాలుగింటినీ కలిపే లెక్క వేయాలని ఇంజనీరు టి. హనుమంతరావు ‘నాలుగు జలాల’ విధానంలో చెప్పారు. వాటర్‌షెడ్ పని చేసిన ఏ రైతును అడిగినా పని గుట్ట మీద మొదలుపెట్టి పల్లానికి రావాలంటాడు. నగరానికి వచ్చేసరికి ఈ జ్ఞానమంతా ఏమవుతోందో నాకు అర్థం కాదు. ఇక్కడ మనం పల్లంలో, అదీ ముంపు వచ్చాక, పని మొదలుపెడతాం.

2020 అక్టోబరు 13 రాత్రి బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడినప్పుడు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు రహదారి కొట్టుకుపోయింది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీరు చేరాలి. నడుమనున్న నాలాను పూడ్చి, చెరువు నీరు నిలిచే శిఖం భూమిలో ఇళ్ళు వేస్తే, నీరు తన దారి తానే వెతుక్కుంటుంది. చెరువులు, ప్రభుత్వ ఆస్తుల రక్షణకు 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఆక్రమణలను కూల్చడం అవసరమే కావచ్చు. కానీ అనుమతి పత్రం చేతిలో పట్టుకుని, బ్యాంకు అప్పు కడుతున్న కుటుంబం ఇల్లు కూలితే, ఆ అనుమతి ఇచ్చిన సంతకానికి ఏ శిక్ష పడింది? చెరువు నిండినప్పుడు నీరు నిలిచే మేర, అంటే ఎఫ్‌టీఎల్, హద్దు రాళ్ళు అనుమతులకు ముందు పాతాలి, బుల్డోజరుకు ముందు కాదు.

84 గ్రామాల రైతుల బాధను కొట్టిపారేయడం అన్యాయం. పాతికేళ్ళకు పైగా వాళ్ళ భూములకు ధర రాలేదు. వాళ్ళ కళ్ళ ముందే పలుకుబడి ఉన్నవాళ్ళ ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు లేచాయి. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. నగరం తాగే నీటి కోసం ఒక వర్గం మాత్రమే నష్టపోవాలనడంలో న్యాయం లేదు. దానికి పరిష్కారం ఆంక్షలు ఎత్తేయడం కాదు, నష్టానికి ధర కట్టడం. పరీవాహక ప్రాంతంలో భూమిని సాగులోనే ఉంచే రైతుకు తాను కట్టకుండా వదులుకున్న విస్తీర్ణాన్ని వేరేవాళ్ళకు అమ్ముకునే హక్కు, అంటే బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు (టీడీఆర్), ఇచ్చి, ఎత్తయిన భవనం కట్టేవాడు దాన్ని కొనక తప్పని పరిస్థితి తేవాలి. అయితే ఆ హక్కుకు గట్టి ధర పలకాలంటే కట్టే విస్తీర్ణానికి ఒక హద్దు ఉండాలి కదా. స్థలాన్ని బట్టి ఎంత విస్తీర్ణం కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే హైదరాబాద్‌లో 2006 నుంచి లేదు. ఎంత కావాలంటే అంత కట్టుకోగలిగినవాడు రైతు దగ్గర హక్కు కొనాల్సిన అగత్యం పెద్దగా ఉండదు. కాబట్టి ముందు ఆ పరిమితిని తిరిగి తెచ్చి, దాన్ని దాటి కట్టాలనుకునే ప్రతి భవనమూ, ప్లాటినం రేటింగ్ ఉన్నా సరే, ఆ 84 గ్రామాల నుంచే హక్కు కొనాలన్న నిబంధన పెట్టాలి.