ఎండకు సిలబస్ తెలుసు

సూర్యభగవానుడికి పక్షపాతం అంటగట్టేంత ధైర్యం నాకు లేదు గానీ, ఆధారాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఏదో ఒక అపార్ట్‌మెంట్ తీసుకోండి. కింది ఇంటి పిల్లాడిది స్టేట్ సిలబస్, పై ఇంటి పిల్లది సీబీఎస్‌ఈ. ఏప్రిల్ మొదటి వారంలో ఆ పిల్ల కొత్త పుస్తకాలకు బ్రౌన్ అట్టలేసుకుని ఆరో తరగతికి పోతుంటే, వీడింకా ఐదో తరగతి పరీక్షలకే బట్టీ పడుతుంటాడు. పరీక్షలయ్యాక వీడికి బడి తెరిచేది మామూలుగా జూన్ 12న. (నీళ్ళ దగ్గర తెగని రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ తేదీ విషయంలో మాత్రం ఇంకా ఉమ్మడిగానే ఉన్నాయి.) ఎందుకంత ఆలస్యమంటే, వడదెబ్బ తగులుతుందట. మరి పై ఇంటి పిల్లకో? ఢిల్లీ బోర్డు పిల్లలను తాకే అధికారం రాష్ట్ర పరిధిలోని ఎండకు లేదు.

ఈ వివక్ష భరించలేక కాబోలు, 2016లో తెలంగాణ మార్చి 21నే కొత్త విద్యాసంవత్సరం మొదలెట్టేసింది. పాత తరగతి పరీక్షల అలసట తీరకముందే పై తరగతి పాఠాలు! ఎండకు ఆ ఉత్తర్వు కాపీ అందినట్టు లేదు. ఏప్రిల్ మధ్యకల్లా బళ్ళకు తాళాలు వేయించింది. కొన్నేళ్ళకు ఆ ముచ్చటా తీరి మళ్ళీ జూన్‌కే వచ్చాం.

మహారాష్ట్రలోని విదర్భలో సూర్యుడి మాటకు ఇంకా విలువుంది. ముంబైలో జూన్ మధ్యలో బడి గంట మోగినా, నాగ్‌పూర్ మరో వారమో రెండు వారాలో ఆగుతుంది. కేరళలో జూన్ మొదట్లోనే పిల్లలూ నైరుతి వానా కలిసే బడికి వస్తారు.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మాత్రం ఎండావానలను అడిగిన నాథుడే లేడు. సెప్టెంబరు మొదటి సోమవారం, అంటే లేబర్ డే, దాటేదాకా బళ్ళు తెరవరాదని అక్కడ 1986లో చట్టం చేశారు. ప్రత్యేక అనుమతులున్న జిల్లాలకే మినహాయింపు. దానికి జనం పెట్టిన పేరు కింగ్స్ డొమినియన్ చట్టం. ఆ పేరు గల గవర్నరెవరూ లేరు, అదొక అమ్యూజ్‌మెంట్ పార్కు! రంగులరాట్నం ఎక్కే పిల్లలూ, టికెట్లు చింపే కుర్రాళ్ళూ ఆగస్టులోనే బడికి పోతే పార్కు గతేం కాను? 2019లో గానీ ఆ చట్టాన్ని సడలించలేదు. ఇప్పటికీ డల్లాస్ మనవడికి ఆగస్టు మధ్యలో బడి, న్యూజెర్సీ మనవరాలికి సెప్టెంబరులో. ఎవరి సెలవులకు అందాలో తేలక అమ్మమ్మ టికెట్ రెండుసార్లు మారుతుంది.

మన పార్కులకు అంత ముందుచూపు లేదు. అది ఉన్నది ఇంటర్ కార్పొరేట్ కాలేజీలకే. పదో తరగతి ఫలితాలు రాకముందే బ్రిడ్జి కోర్సు మొదలు. అక్కడ ఎండ ప్రసక్తే రాదు. ఏసీ క్యాంపస్, ఆ ఛార్జీ ఫీజులోనే కలిపి ఉంటుంది.