మూడేళ్ల మేధావికి గ్రేడు తగ్గింది

కర్నూలు బళ్లారి చౌరస్తాలో ఈఏపీసెట్ ర్యాంకుల ఫ్లెక్సీల పక్కన ఎల్‌కేజీ టాపర్లకు ఇంకా చోటు దొరకకపోవడం విద్యాభిమానులందరూ విచారించాల్సిన సంగతి. టాపర్లకేమీ కొదవ లేదు. మా వీధిలోనే మూడున్నరేళ్ల విద్యార్థి ఒకడున్నాడు. వాడి ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. రైమ్స్‌లో ఏ ప్లస్. రంగులు వేయడంలో మాత్రం బీ; మామిడిపండు గీత దాటి పసుపు బయటికి వచ్చిందట. ‘నాయకత్వ లక్షణాలు’ అన్న గడిలో ‘మెరుగుపడాలి’ అని రాశారు. చెల్లెలు వాడి చేతిలోని బిస్కెట్టు లాక్కున్నా వాడు కిమ్మనడు కాబట్టి ఆ వ్యాఖ్యను ఇంట్లో ఎవరూ కాదనలేకపోయారు. తండ్రికి ఆ రాత్రి ముద్ద దిగలేదు. విద్యార్థి మాత్రం మారు అడిగి మరీ తిన్నాడు. తన పరిస్థితి తనకు తెలియకపోవడానికి కూడా ఒక గడి పెట్టాలి.

ఇంత దీక్షగా పని సాగుతుంటే ఢిల్లీ పెద్దలు అడ్డం పడుతున్నారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా లెక్కగట్టింది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఈ పసివాళ్లకు పరీక్షలు బొత్తిగా తగవని తేల్చేసింది. మరి ఎదుగుదల తెలిసేదెలా? టీచరు చూడాలట! ఇసుకలో ఆడుతుంటే చూడాలి, కథ చెబుతుంటే వినాలి, గీసిన బొమ్మలు దాచిపెట్టి ముందటి బొమ్మలతో సరిచూడాలి. పక్కింటి పిల్లతో పోల్చడానికి వీల్లేని కార్డు వల్ల ఏమి లాభం? వేలకు వేలు ఫీజు కట్టిన తండ్రి ఇసుకను బంధువులకు చూపించుకుంటాడా?

మన బడులు ఈ గండాన్నీ గట్టెక్కాయి. పరిశీలించమన్నారు కదా అని పరిశీలనకే ఫారం అచ్చువేయించాయి. నలభై మంది పిల్లలు, ఒక్క టీచరు, తలకొక నాలుగు పేజీలు. పిల్లల్ని చూస్తూ కూర్చుంటే పేజీలు నిండవు. అందుకని ఆమె తల్లిదండ్రుల సమావేశానికి ముందు రాత్రి, పిల్లలంతా ఎవరి ఇంట్లో వాళ్లు నిద్రపోయాక, పరిశీలన మొదలుపెడుతుంది. నిద్రపోయే పిల్లలు చక్కగా సహకరిస్తారు. సగం మంది ‘తనంతట తాను చేయగలడు’, తక్కిన సగం ‘సాయంతో చేయగలడు’. ఆమెను తప్పుపట్టలేను, ఆమె జీతం ఎదుగుదలను పరిశీలించేవారు ఎవరూ లేరు.

ప్రవేశాల దగ్గర ఇంకొక చిక్కు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ పిల్లల్ని వడపోసి చేర్చుకోరాదంటుంది. తొలి తప్పుకు జరిమానా 25 వేల రూపాయల దాకా. అయితే ఆ చట్టం లెక్కలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు. మూడేళ్లవాడు చట్టానికి అందనంత పొట్టి. కాబట్టి వాడితో జరిగేది పరీక్ష కాదు, ‘పరిచయం’. టమాటాలు పండే పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక పాప అలాంటి పరిచయంలో ఆపిల్ బొమ్మ చూసి టమాటా అంది. అంతటితో ఆగక, బుట్ట ఎంతకు పోతోందో కూడా చెప్పింది. ధరలు సిలబస్‌లో లేవు. సీటు రాలేదు.

నిజానికి మనకు ఇంతకన్నా ఘనమైన పరీక్ష ఎప్పటినుంచో ఉంది. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందు పేర్చి బిడ్డను వదులుతాం. ఏది పట్టుకుంటే భవిష్యత్తు అదే. ఆరో నెలలోనే ఫలితం, అదీ ఉచితంగా. కర్నూలు బిడ్డ కత్తి పట్టుకుంటే సినిమావాళ్లు తప్ప ఎవరూ కంగారుపడరు. అందరూ నవ్వి, పాయసం తాగి, మరచిపోతారు. ఆ మరచిపోవడమే మన పూర్వుల పద్ధతిలోని లోపం. రికార్డులు ఉంచి ఉంటే కలం పట్టనివాళ్లకు ఏడో నెలలోనే ట్యూషన్ పెట్టించేవాళ్లం.

ఇప్పుడు పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఢిల్లీ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీలో, మూల్యాంకనం సంగతి చూసే పరఖ్ విభాగం సమగ్ర ప్రగతి పత్రం తయారుచేసింది. అందులో టీచరుతో పాటు పిల్లలూ, తోటివాళ్లూ, తల్లిదండ్రులూ తమ మాట చెప్పాలి. బిడ్డ ఇంట్లో దేనికి సంబరపడుతుందో, ఏమేమి అడుగుతుందో అమ్మానాన్నలే రాయాలన్నమాట. నంద్యాల రోడ్డులో ఒక జిరాక్స్ షాపతను ఈ అవసరాన్ని అందరికన్నా ముందే కనిపెట్టాడు. అమ్మానాన్నల బదులు రాసిపెట్టడానికి పేజీకి ఇరవై రూపాయలు. ‘సృజనాత్మకత’ కూడా కావాలంటే పది ఎక్కువ.