ఆల్ ఇన్ వన్ ట్యూబుకి, నా చంకలు రాయించిన ఉత్తరం

ప్రియమైన ట్యూబూ,

మే నెలలో నువ్వు నాకు దేవుడివి. బెజవాడ ఎండ, తడిసిన చొక్కా, సిటీ బస్సులో పై కడ్డీ పట్టుకోవాలంటే సిగ్గేసేంత దురద. మెడికల్ షాపబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండానే "దురదా?" అని నిన్ను నా ముందు పెట్టాడు. ఎక్కడ, ఎన్నాళ్లనుంచి అని అతను అడగలేదు. నువ్వూ అడగలేదు. నీలో నాకు నచ్చిందే అది.

మూడు రోజుల్లో దురద మాయం. చంకలు గుద్దుకున్నాను, నిజంగానే. నిన్ను ఆపానో లేదో, వడ్డీతో సహా తిరిగొచ్చింది. మళ్లీ పూశాను. అలా వినాయక చవితి దాకా నడిచింది మన కాపురం.

మొన్న నీ ఒంటి మీద రాతలు చదివాను. ఫంగస్‌కి ఒక మందు, బాక్టీరియాకి ఇంకోటి, వాటి నెత్తిన క్లోబెటాసోల్ అనే మహా ఘాటైన స్టెరాయిడు. ఏదో ఒకటి తగలకపోతుందా అని చీకట్లో రాళ్లు విసరడం! స్టెరాయిడ్ పూతలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే రూలు తెచ్చారు. ఆ ముక్క నీ మీదే ఉంది, చీమకి కూడా కళ్లజోడు కావాల్సిన సైజులో.

స్కిన్ డాక్టరమ్మ మాత్రం ప్రశ్నలతో చంపేశారు. రాత్రిళ్లు ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నారు, ఉంటే గజ్జేమోనని. స్ప్రే మార్చారా అన్నారు. మార్చాను. సెంటు పడకపోతే చంక గుంటలోనే మండుతుందట. చొక్కా రంగు పడకపోతే గుంటని వదిలేసి, బట్ట రాసుకునే అంచుల్లో వస్తుందట. రేజరు గాట్లు, చెమటకాయలు, మడతల్లో వచ్చే సోరియాసిస్ కూడా లెక్కలోకొచ్చాయి. ఎరిత్రాస్మా అని బాక్టీరియాతో వచ్చేది ఒకటుంది, వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత లైటు వెలుగులో పగడంలా మెరుస్తుందట. లైటు వేసి చూశారు. నాది మెరవలేదు. (కాస్త నిరాశపడ్డాను.)

చివరికి పొట్టు గీకి మైక్రోస్కోపు కింద పెడితే తేలింది, తామర, అంటే ఫంగస్సే. "గుండ్రంగా, అంచు కట్టి ఉంటే చూడగానే చెప్పేదాన్ని. ఆ అంచుని మీ ట్యూబు చెరిపేసింది" అన్నారావిడ.

అంటే నువ్వు దొంగని పట్టలేదు, నీ స్టెరాయిడుతో నా ఒంటి కాపలా కుక్కకి నిద్రమాత్ర వేశావు. అది మొరగడం మానేసింది, నేను పండగ చేసుకున్నాను, తామర తీరిగ్గా నడుం దాకా పాకింది. పోతూ పోతూ చంకలో ఎర్ర చారలు కూడా మిగిల్చావు. మడతల్లో చర్మం అసలే పల్చన, నీలాంటివి ఇంకా లోతుగా దిగుతాయట. ఆ చారలు పూర్తిగా పోవన్నారు.

నిన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "గజ్జల్లో దురద బావా, ఆ ట్యూబు పేరేంటి?" అన్నాడు. పేరు చెప్పకుండా, ముందు ఇంట్లో వెతకరా అన్నాను. ఫ్రిజ్ తలుపులో ఉన్నావట, సగం నొక్కేసి.

ఇట్లు,
చేతులు పైకెత్తిన నీ పాత భక్తుడు